గేటు బయట నిలబడ్డ డాక్టరేట్

మీ ఊళ్ళో డాక్టరేట్ దాకా చదివిన ఆడపిల్ల పేరు ఒక్కటి చెప్పండి చూద్దాం. చెప్పారా? ఇప్పుడు ఆమె ఎక్కడుంది? ఊళ్ళో లేదు కదా. ఎందుకు లేదో ఎప్పుడైనా ఆమెనే అడిగారా? లేక పెద్ద చదువు, పెద్ద జీతం, పోయింది అని మీకు మీరే జవాబు చెప్పుకుని టీ తాగి లేచిపోయారా?

నన్ను అడగమని ఎవరూ పంపలేదు. కరుణ ఫోన్ చేస్తే బయలుదేరాను.

కరుణది ఆత్మకూర్ (ఎస్) పక్క పల్లె. కూలికి పోయే ఇంట్లో పుట్టి, బియ్యం గింజ మీద పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకుంది. వడ్లు నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఉప్పుడు బియ్యం చేస్తారు కదా, ఆ పనిలో గింజ విరగకుండా, వాసన పట్టకుండా ఎట్లా చేయాలన్నది ఆమె చదువు. చాలా ఏళ్ల కింద నా వ్యాసంలో ఒక తప్పు పట్టుకుని, నంబరు సంపాదించి మరీ నాతో పోట్లాడింది. అప్పటి నుంచి మా స్నేహం. సూర్యాపేటలో కొన్నాళ్లు కాలేజీ లెక్చరర్‌గా చేసింది, అది వదిలి కోదాడలో ఇల్లు తీసుకుంది, అక్కడి నుంచి ఈ రెండేళ్లుగా మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లుకు వెళ్ళివస్తోంది.

ఫోన్‌లో ఆమె చెప్పింది ఇది: "మేడం, నెదర్లాండ్స్‌ల ఒక యూనివర్సిటీ పిలిచింది. ఆదివారం సాయంత్రంలోపట అవునో కాదో చెప్పాలె. మా మిల్లు సేటేమో ఉండమంటుండు. వాళ్లిచ్చేదానికి తక్కువేం ఇయ్యనంటుండు. నేను ఒక్కటే అడిగిన. ఆదివారం సీజన్ మొదటి బాయిలర్ ముట్టిస్తరు, ఆడ నేను లోపల ఉండాలె అన్న. సరే అన్నడు. ఆ మాట నిలబడితే ఉంట. లేకుంటే పోత. మీరొచ్చి మీ కండ్లతోని సూడండి."

ఇందులో పెద్ద కోరిక ఏముందని మీరు అనవచ్చు. ఆ మిల్లులో మొదటి నిప్పు వేసే రోజు ఆడమనిషి బాయిలర్ వైపు రాకూడదు. మిగతా రోజుల్లో రావచ్చు. ఊక ఎత్తవచ్చు, ఊడ్చవచ్చు, చీరకొంగుతో మసి తుడవవచ్చు. ఆ ఒక్కరోజు మాత్రం వస్తే సీజన్ అంతా నష్టమట. ఎవరు లెక్కవేశారో చెప్పేవాళ్లు లేరు.

శనివారం ఉదయం ఆరున్నరకు దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూసి కండక్టర్ జీరో టికెట్ చింపి ఇచ్చింది. పక్క వరుసలో నిలబడ్డ పెద్దమనిషికి అది నచ్చలేదు.

"ఫ్రీ అనేసరికి ఆడోళ్లంత బస్సుల్నే ఉంటున్నరు. ఇండ్లల్ల ఎవరుంటున్నరో ఏమో" అన్నాడు, ఎవరితోనూ కాకుండా, అందరికీ వినపడేలా.

"నువ్వున్నవ్ గద అన్నా, ఇగ దిగి ఇంటికి పోయి వంట జెయ్యి" అంది వెనుక సీటులో కూరగాయల గంప పెట్టుకున్న ఆమె. బస్సంతా నవ్వింది. పెద్దమనిషి చౌటుప్పల్ దాటేదాకా కిటికీలోంచి బయటికే చూశాడు.

తొమ్మిదిన్నరకు సూర్యాపేట. బస్టాండ్ ఎదురుగా రెండు ఇడ్లీ, ఒక వడ, టీ, అరవై రూపాయలు. చట్నీ బాగుంది. ఆ తర్వాత బాగున్నదేమీ లేదు.

నేను వస్తున్నానని తెలిసి, ఊళ్ళో ఒక సంఘం వాళ్లు పదకొండు గంటలకు ఒక సభలో నా పేరు కూడా వేశారు. విషయం: చదువుకున్న ఆడబిడ్డలు ఊరు విడిచి ఎందుకు పోతున్నారు. సరిగ్గా నా పనే అనుకుని ఒప్పుకున్నాను. హాలులోకి వెళ్ళి ఫ్లెక్సీ చూశాను. వరసగా ఫొటోలు, అన్నీ మీసాలే. చివరన పూలదండ వేసిన దీపం బొమ్మ ఒకటి. బహుశా ఆడవాళ్ల తరఫున అదే కాబోలు.

వేదిక మీద కుర్చీలన్నీ పెద్దలవి. వేదిక కింద ఒకే రంగు చీరల్లో అయిదారుగురు లెక్చరర్లు నిలబడ్డారు. చేతుల్లో పళ్ళేలు. పళ్ళేల్లో శాలువాలు, బొకేలు, అగ్గిపెట్టె. పెద్దలు ఒక్కొక్కరే లేవడం, ఒక్కొక్క పళ్ళెం ముందుకు జరగడం. మొదటి వక్త అరగంట మాట్లాడాడు. మన ఆడబిడ్డలు జీతాలకు ఆశపడి మట్టిని మరిచిపోతున్నారన్నాడు. రెండో వక్త మట్టి అనే మాట తీసి తల్లి అనే మాట పెట్టి అదే మళ్ళీ చెప్పాడు. నాకు చివర రెండు నిమిషాలు దొరికాయి.

"పళ్ళేలు పట్టుకున్నవాళ్లు ఒక్కొక్కరే మీ చదువు చెప్పండి" అన్నాను.

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకామె ఎమ్మెస్సీ అంది. ఇంకొకామె ఎంఫిల్. చివర్న సన్నటి ఆమె, పేరు శారద, కెమిస్ట్రీలో డాక్టరేట్ అని నెమ్మదిగా చెప్పింది. వేదిక మీద ఎవరికైనా డాక్టరేట్ ఉందా అని అడిగాను. ఒకాయన తనకు గౌరవ డాక్టరేట్ వచ్చిందన్నాడు. "అయితే ఆమె ఇక్కడ కూర్చోవాలి, మీరు గౌరవంగా పళ్ళెం పట్టుకోవాలి" అన్నాను. మైకు ఆగిపోయింది. కరెంటు పోయిందన్నారు. ఫ్యాన్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి.

భోజనాల దగ్గర చేతులు కడుక్కుంటుంటే శారద నా పక్కకు వచ్చింది. ఒకప్పుడు కరుణ పనిచేసింది ఈమె కాలేజీలోనే.

"కరుణకు గుడ ఇదే ప్లేటు ఇస్తే పట్టుకోనన్నది మేడం. అంతే. ఆ ఏడాది ల్యాబ్ ఇన్‌ఛార్జి ఆమెకు రావాలె. మొన్న మొన్న చేరిన అబ్బాయికి ఇచ్చిన్రు. అదేంది సార్ అంటే, ల్యాబ్ పని లేటయితది, ఆడపిల్లవు, నీ మంచికే అన్నరు."

"మరి నువ్వు?"

"నేను సర్దుకపోయిన" అని నవ్వబోయి ఆగింది. "మా పాపకు మాత్రం ఇప్పటినుంచే ఇంగ్లీషు గట్టిగ నేర్పిస్తున్న. పోతదిగ."

నా కోపం ఇక్కడే రెట్టింపయింది. ఊళ్ళో ఉండిపోయిన తల్లి కూడా కూతురి కోసం దారి తవ్వుతోంది. ఇంకెవరు మిగులుతారు? జీతం కోసమే పోతున్నారని వాదించేవాళ్లకు ఒక ప్రశ్న. జీతమే కారణమైతే అంతే జీతం ఇక్కడ ఇస్తామన్నప్పుడు ఆగిపోవాలి కదా. కరుణ ఆగడానికి అడిగింది డబ్బు కాదు, నాలుగడుగుల చోటు. పని తెలిసిన మనిషి పని జరిగే చోట నిలబడటం. దానికి రూపాయి ఖర్చు లేదు. ఖర్చు లేనిది కాబట్టే కాబోలు, మనవాళ్లు ఇవ్వలేకపోతున్నారు.

మూడు గంటలకు కోదాడ బస్సు. పక్క సీటులో ఇరవై అయిదేళ్ల అమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని పెదవులు కదుపుతోంది. ప్రార్థన అనుకున్నాను. జర్మన్ పాఠమట. నర్సింగ్‌లో ఎమ్మెస్సీ చేసింది.

"గీడ దవాఖానల నైట్ డ్యూటీ జేస్తా అంటే, రాత్రంత ఎక్కడుంటదో అని సంబంధాలు వాపస్ పోతున్నయి అమ్మా" అంది. "గాడ గుడ నైట్ డ్యూటీనే. కాని ఎవ్వరు అడగరంట."

"ఇంట్లో ఒప్పుకున్నారా?"

"ఒప్పుకున్నరు. విచిత్రం సూడండి. సూర్యాపేటల రాత్రి డ్యూటీకి పంపనోళ్లు జర్మనీకి పంపుతున్నరు."

మునగాల దగ్గర హైవే అంచున వడ్లు ఆరబోసి ఉన్నాయి. డ్రైవరు తిట్టుకుంటూ బస్సును పక్కకు తిప్పాడు. వడ్లను కాళ్ళతో తిరగేస్తున్న వాళ్లందరూ ఆడవాళ్లే. ఆ గింజలే రేపో మాపో మిల్లుకు వెళ్తాయి. అప్పుడు మాత్రం వీళ్ల నీడ పడకూడదు. అమ్మాయి మునగాలలో దిగుతూ నాకు జర్మన్‌లో ఏదో చెప్పింది. మంచిమాటే అయి ఉంటుంది.

కోదాడలో లాడ్జికి వెళ్ళాను. కౌంటర్లో మనిషి నన్ను చూశాడు, నా వెనక చూశాడు.

"సార్ ఏరండి?"

"ఏ సార్?"

"అదేనండి, మీతో వచ్చిన సారు."

ఎవరూ లేరన్నాను. "ఒంటరి లేడీస్‌కి రూమ్ ఇవ్వమండి, రూలు" అన్నాడు. నాకు అరవై రెండేళ్లు, జుట్టు పూర్తిగా నెరిసింది, నా వల్ల మీ లాడ్జికి ఏం ముప్పు అని అడిగితే, "మాకు కాదండి, మీకే" అన్నాడు. మంచితనం ఎంత ధారాళంగా దొరుకుతుందో ఈ దారిలో! ప్రతి తలుపూ నా మంచి కోసమే మూసుకుంటోంది. ఈ దారి పట్టుకుని వచ్చే ఆడవాళ్లకు నా సలహా ఒకటే. లాడ్జిని నమ్ముకోకండి, తెలిసినవాళ్ల ఇల్లు ముందే మాట్లాడుకోండి.

ఆటోలో కరుణ ఇంటికి వెళ్ళాను. ఆమె గుమ్మంలోనే నవ్వింది. "లాడ్జి మీకియ్యరని తెలుసు మేడం. అందుకే అన్నం ఎక్కువ పెట్టిన."

కూర్చోకముందే కింది నుంచి ఇంటి యజమానురాలు వచ్చింది. నన్ను పరీక్షగా చూసి, "మీరు కరుణకు ఏమవుతారండి?" అంది.

"స్నేహితురాలిని."

"అంటే చుట్టాలు కారా?" అని కొంచెం నిరాశపడింది. "ఏం లేదండి, పెళ్ళికాని పిల్ల కదా, అడగాలి. వాళ్ల తమ్ముడి పేరున ఇచ్చాం ఇల్లు. ఆ అబ్బాయి ఎప్పుడూ కనపడడు. అయినా మగదిక్కు ఉంది కదా, ధైర్యం."

ఆ తమ్ముడు ప్రవీణ్. ఖమ్మంలో సెల్‌ఫోన్ల దుకాణం. ఈ ఇంట్లో ఒక్కరాత్రి కూడా పడుకోలేదు. కిరాయి కట్టేది అక్క, ఉండేది అక్క, పేరు మాత్రం అతనిది. ఆమె వెళ్ళాక కరుణ పప్పుచారు వడ్డిస్తూ అంది: "వాడొచ్చినప్పుడల్ల నన్నే అడుగుతడు, అక్కా, మనిల్లు యాడ అని."

ఆదివారం తెల్లవారగానే హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ బస్సు. కరుణ కిటికీ పక్కన. చేతిలో చిన్న సంచీ, అందులో థర్మామీటరు, గింజ తేమ చూసే మీటరు. కిందటి రోజు ఉదయం నుంచే మిల్లు తొట్టెల్లో వడ్లు చల్లనీళ్ళలో నానుతున్నాయట. పదిన్నరకు బాయిలర్ ముట్టిస్తే మధ్యాహ్నానికి ఆవిరి తయారు, వడ్లు కూడా సరిగ్గా అప్పటికి సిద్ధం. ఆలస్యమైతే నీళ్లు పులిసి గింజకు వాసన పడుతుంది. ఈ లెక్క ఆమె సేటుకు చెప్పి ఒప్పించింది.

హుజూర్‌నగర్‌లో ఎక్కిన ఒక రైతు కరుణను చూసి గుర్తుపట్టాడు. గరిడేపల్లి ఆయన. "ఈ బిడ్డ మీటరు పెట్టి సూపిస్తేనే మిల్లోళ్లు మా వడ్లకు తేమ తక్కువున్నదని నమ్మిన్రు అమ్మా" అన్నాడు నాతో. "ఈమె పోతే మాకు శానా కష్టమైతది."

"అయితే మిల్లుకు వచ్చి సేటుతో ఆ మాట చెప్పండి. ఇవాళ ఆమెను లోపలికి రానిస్తే ఉంటుంది."

ఆయన తల గోక్కున్నాడు. "నేనేం జెప్తనమ్మా. పూర్వం నుంచి వస్తున్నది గద." నేరేడుచర్లలో పని ఉందంటూ దిగిపోయాడు. పాపం మంచివాడు. ఈ దేశంలో మంచివాళ్లందరికీ సరిగ్గా అవసరమైన వేళకు నేరేడుచర్లలో పని ఉంటుంది.

మిల్లు గేటు దగ్గరికి చేరేసరికి పది కావస్తోంది. మామిడాకుల తోరణం, బంతిపూలు, షామియానా. గేటు ముందు ఇస్త్రీ చొక్కాలో ఒక కుర్రవాడు బిక్కమొహంతో నిలబడి ఉన్నాడు.

"వీడెందుకొచ్చిండు?" అంది కరుణ. అతనే ప్రవీణ్.

"సేటు ఫోన్ జేసిండక్కా, రమ్మని. ఎందుకో తెల్వదు" అన్నాడు.

సేటు చేతులు జోడించుకుంటూ ఎదురొచ్చాడు. చెడ్డమనిషి కాదు. నన్ను కూర్చోబెట్టి టిఫిన్ తెప్పించాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "కరుణమ్మా, మాటిచ్చిన, కాదంటలేను. కాని మా పెద్దోళ్లు, పార్టనర్లు ఒప్పుకుంటలేరు. అందుకే మధ్యల ఉపాయం జేసిన. నీ బదులు తమ్ముడు లోపల నిలబడతడు. కొబ్బరికాయ వాడే కొడతడు. నీ మర్యాద నీకుంటది, మా ఆచారం మాకుంటది."

ప్రవీణ్ ఉలిక్కిపడ్డాడు. "నేనా? నాకు వడ్లకు, బియ్యానికి ఫరక్ గుడ సరిగ తెల్వదు సేటూ."

"తెల్వకున్న ఏంగాదు బాబూ. నిలబడేది నువ్వు గద."

నేను ఉండబట్టలేకపోయాను. "బాయిలర్‌కు ఆడా మగా తేడా ఎట్లా తెలుస్తుంది? ఊకతో మండే పొయ్యి అది. నిన్న వడ్లు దించినవాళ్లు ఆడవాళ్లు, రేపు బూడిద ఎత్తేవాళ్లు ఆడవాళ్లు. ఇవాళ ఒక్కరోజు నిప్పుకు పౌరుషం ఎందుకొస్తుంది?"

"మీరు పెద్దోళ్లు, మీతోని వాదం పెట్టుకోను" అన్నాడు సేటు. "కరుణమ్మ నా బిడ్డ లెక్క."

"మీ బిడ్డనైనా రానిస్తారా?"

"దాన్ని గుడ రానియ్య" అన్నాడు వెంటనే. "అయినా అది గీడ లేదుగ. కెనడాల ఉంటది. పెద్ద ఇంజినీరు." మొహం వెలిగింది. ఫోన్ తీసి ఫొటో చూపించాడు. పసుపు హెల్మెట్ పెట్టుకుని, ఏదో ఫ్యాక్టరీలో, ఇంతెత్తు యంత్రం పక్కన నిలబడి నవ్వుతోంది.

"ఎందుకు వెళ్ళింది?"

"గీడ ఏముందమ్మా దానికి?" అన్నాడు.

ఆ మాట ఎక్కడ తగిలిందో చూద్దామని ఆయన మొహం చూశాను. ఎక్కడా తగల్లేదు. ఫోన్ జేబులో పెట్టుకుని షామియానా వైపు వెళ్ళిపోయాడు.

కరుణ గేటు బయట నిలబడింది. ప్రవీణ్ లోపల నిలబడ్డాడు. పదిన్నర దాటింది. నిప్పు వేయాల్సిన ముఖ్య అతిథి రాలేదు. పన్నెండు దాటాక కారు వచ్చింది. అప్పటికి వర్జ్యం మొదలైందన్నారు పంతులు. అది పోయేదాకా, అంటే రెండున్నర దాకా, ఆగాలన్నారు. అందరూ భోజనాలకు కూర్చున్నారు. తొట్టెల్లో వడ్లు మాత్రం వర్జ్యం చూసుకోకుండా నానుతూనే ఉన్నాయి.

గాలి తొట్టెల వైపు నుంచి తిరిగింది. కరుణ ముక్కు ఎగబీల్చింది. నాకేమీ తెలియలేదు. ఆమె గేటు కమ్మీలు పట్టుకుని మేస్త్రీని కేకవేసింది.

"ఎల్లయ్య అన్నా! తొట్టిల నీళ్లు పులుస్తున్నయి. వాల్వు తిప్పి నీళ్లు తీసెయ్, మల్ల కొత్త నీళ్లు పెట్టు!"

ఎల్లయ్య దూరంగా చేతులు తిప్పాడు. "సేటు జెప్పాలె మేడం!"

"ప్రవీణూ, నువ్వన్న తిప్పురా! ఎడమ పక్క ఎర్రది!"

ప్రవీణ్ పరుగెత్తాడు. ఎర్రవి మూడున్నాయి. ఒకదాని మీద చేయి వేయగానే పార్టనర్ ఒకాయన గదమాయించాడు, ముహూర్తం కాకముందు ఏదీ ముట్టొద్దని. పాపం, అతను చేయి తీసి జేబులో పెట్టుకున్నాడు. కరుణ ఇంకో రెండుసార్లు పిలిచింది. తర్వాత పిలవలేదు.

మూడు గంటలకు అతిథి నిప్పు వేశాడు. చప్పట్లు. ఆ తర్వాత ఎల్లయ్య తొట్టి నీళ్లు బయటికి వదిలినప్పుడు వచ్చిన పులిసిన కంపు నాక్కూడా తెలిసింది, ముక్కు మీద కొంగు అడ్డం పెట్టుకున్నాను. మొదటి తొట్టి వడ్లు పాడయ్యాయి. ఎట్లా పాడయ్యాయో వెంటనే తేల్చేశారు కూడా. సేటు గేటు దగ్గరకు వచ్చి, బాధగానే, మర్యాదగానే అన్నాడు:

"అమ్మా, ఏమనుకోవద్దు. నువ్వు గీ గేటు కాడ గుడ నిలబడకుంట ఉండాల్సింది."

కరుణ అరవలేదు. సంచిలోంచి మీటరు తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఇది మిల్లుది సేటూ. గరిడేపల్లి రైతులు వస్తరు, తేమ సరిగ సూడండి." అంతే. రోడ్డు దాటి టీ బండి దగ్గర బెంచీ మీద కూర్చుని ఫోన్ తెరిచింది. నేను పక్కన కూర్చున్నాను.

"ఇంకోసారి ఆలోచిస్తావా?" అన్నాను. అడగాలి కాబట్టి అడిగాను.

"మేడం, సూర్యాపేటల ప్లేటు పట్టుకోమన్నరు. కోదాడల తమ్ముని పేరు పెట్టమన్నరు. గీడ తమ్మున్నే పెట్టిన్రు. ఇగ నేనెక్కడున్న చెప్పండి? నేను ఇప్పుడు పోతలేను. ఎప్పుడో పంపేసిన్రు." ఫోన్ మీద వేలు నొక్కింది. పోయింది సమాధానం. అవును అని.

ప్రవీణ్ మూడు టీలు తెచ్చాడు. చొక్కా మీద కుంకుమ, చేతిలో సగం కొబ్బరిచిప్ప. "అక్కా, నన్ను తిట్టకు" అన్నాడు.

"నిన్నెందుకు తిడతరా. నువ్వు మంచిగ నిలబడ్డవ్" అని నవ్వింది. ఆ నవ్వు చివర కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రం మిర్యాలగూడ స్టేషన్‌లో సికింద్రాబాద్ రైలు ఎక్కాను. జనరల్ బోగీ, కిటికీ పక్కన చోటు దొరికింది. ఇద్దరూ ప్లాట్‌ఫామ్ మీద నిలబడి చేయి ఊపారు. నల్లగొండ దాకా నాకు కోపం తగ్గలేదు, ఇప్పుడు రాస్తుంటే కూడా తగ్గలేదు. రెండు రోజుల్లో నేను ఒక్క దుర్మార్గుణ్ణి కూడా చూడలేదు. అందరూ మర్యాదస్తులే. టిఫిన్ పెట్టారు, శాలువా కప్పారు, మంచి కోసమే అన్నారు. ఆ మర్యాదలన్నీ కలిసి ఒక మనిషిని సముద్రాలు దాటించాయి. కన్నకూతురిని కెనడా యంత్రం పక్కన చూసి మురిసే తండ్రి, తన యంత్రం పక్కన ఇంకొకరి కూతురిని నిలబడనివ్వలేకపోయాడు. రేపటి సభలో ఆయనే శాలువా కప్పుకుని, ఆడబిడ్డలు మట్టిని మరిచిపోతున్నారని వింటూ చప్పట్లు కొడతాడు.

కరుణ ప్రయాణానికి ఇంకా కొన్ని వారాలున్నాయి, ఆమెను ఇక ఆపలేం. కాని మీ ఊళ్ళో ఇంకొక ఆమె ఇంకా ఉంది. శారదలాగా సర్దుకుపోతూనో, బస్సులో భాష నేర్చుకుంటూనో. మీ కాలేజీలో, మీ మిల్లులో, మీ ఇంటి గుమ్మంలో ఆమె నిలబడకూడని చోటు ఒకటుంది, అది మీకు తెలుసు. నాకు ఉత్తరాలు రాయకండి, సభలు పెట్టకండి. రేపు పొద్దున్నే వెళ్ళి, ఆమెను పేరు పెట్టి పిలిచి, నలుగురూ చూస్తుండగా ఆ చోట నిలబెట్టండి. ఎవరైనా అడ్డొస్తే ఆమె పక్కనే మీరూ నిలబడండి. నేరేడుచర్లలో పనుందని మాత్రం దిగిపోకండి.